నిర్వాసితుల ఓడ: పటం చూసి తప్పులు చెప్పండి

లంకబడి | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది వైనతేయ పాయలో ఒక లంక. రావులపాలెంలో ఇళ్ళ ప్లాన్లు గీసే పని నాది. ఏడాదిగా ఒక నవల రాస్తున్నాను. నిజానికి గీస్తున్నాను అనాలి, నాకు కథ కంటే ముందు పటమే వస్తుంది.

కథ ఇది. ఎక్కడో దూరాన ఒక నక్షత్రం ముసలిదై ఉబ్బిపోతోంది. దాని చుట్టూ ఉన్న నాలుగు లోకాల్లో నాలుగు జాతులు. అందరూ ఊళ్ళు వదలాలి. అందరికీ కలిపి ఒకే ఓడ, రెండు లక్షల ప్రాణాలు. పేర్లు ఇంకా కుదరలేదు కాబట్టి ప్రస్తుతానికి ఇలా పిలుస్తున్నాను: మంచు చందమామ లోపల పుట్టినవాళ్ళు చీకటివాళ్ళు, చిన్న గ్రహం వాళ్ళు తేలికవాళ్ళు, సముద్రంలో బతికేవాళ్ళు ఉప్పునీటివాళ్ళు, మన భూమి కంటే బరువైన గ్రహం వాళ్ళు బండవాళ్ళు.

ఓడ ఒక పెద్ద పీపా. ఇరుసు మీద నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. తిరుగుతుంది కాబట్టి బయటి గోడే నేల, ఇరుసు నడినెత్తి. ఇరుసుకు దూరం వెళ్ళే కొద్దీ బరువు పెరుగుతుంది, అందుకే నాలుగు జాతులకు నాలుగు అంతస్తులు. ఇరుసు నుంచి 150 మీటర్ల దగ్గర చీకటివాళ్ళు, 340 దగ్గర తేలికవాళ్ళు, 895 దగ్గర ఉప్పునీటివాళ్ళు, అట్టడుగున 1,340 దగ్గర బండవాళ్ళు. నీటి తొట్టి ఇరుసును ఆనుకుని ఉంటుంది. అక్కడి నుంచి కాలువలు ఒక్కో అంతస్తూ తడుపుకుంటూ కిందికి దిగుతాయి.

పటం జత చేశాను. మొహమాటం లేకుండా చెప్పండి.

తాళ్ళరేవు కుర్రాడు | శనివారం రాత్రి 9:52

ఇంజను ఏది అన్నయ్యా? ఆయుధాలు ఉన్నాయా? కాలువల గురించి ఇంత రాసి ఇంజను గురించి ఒక్క ముక్క లేదు.

లంకబడి | శనివారం రాత్రి 9:55

ఇంజను వెనకాల ఉంది తమ్ముడూ.

అమలాపురం మాస్టారు | శనివారం రాత్రి 11:10

లెక్కలు సరిచూశాను. నిమిషానికి ఒక చుట్టు అయితే 895 మీటర్ల దగ్గర భూమి బరువు, 340 దగ్గర అంగారకుడి బరువు, అడుగున భూమికి ఒకటిన్నర రెట్లు. అన్నీ సరిపోయాయి. 1975 వేసవిలో నాసా తరఫున స్టాన్‌ఫర్డ్‌లో కూర్చుని కొందరు ఒక అంతరిక్ష నివాసం గీశారు. సైకిల్ చక్రం ఆకారం, అడ్డకొలత దాదాపు 1.8 కిలోమీటర్లు, నిమిషానికి ఒకే చుట్టు, 10 వేల మంది జనం. బరువు మాత్రం కోటి టన్నులు! అందులో ఎక్కువ భాగం విశ్వకిరణాలను ఆపడానికి చుట్టూ కప్పే చంద్రుడి మట్టే. జెరార్డ్ ఓనీల్ అనే అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఊహించిన పీపాలు ఇంకా పెద్దవి, 32 కిలోమీటర్ల పొడవు. కాబట్టి మన కుర్రవాడి ఓడ మరీ గాలిమేడ కాదు.

కానీ అడుగు అంతస్తు గంటకు 500 కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది. మామూలు ఉక్కుతో చేస్తే దాని బలంలో సగానికి పైగా తన బరువును తాను పట్టుకోవడానికే ఖర్చవుతుంది. మిగిలిన దాంతో ఊళ్ళు మోయాలి. మంచి లోహం చూసుకో.

ఇక కథలో రెండు అభ్యంతరాలు. మొదటిది ప్రయాణ కాలం. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 వ్యోమనౌక సెకనుకు 17 కిలోమీటర్లు పోతోంది. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరం. ఆ వేగంతో అక్కడికి 75 వేల ఏళ్ళు. కాంతి వేగంలో నూరో వంతు అందుకున్నా 424 ఏళ్ళు, అంటే పదిహేడు తరాలు. ఎక్కినవాళ్ళు దిగరు. ఇది ఓడ కథ కాదు నాయనా, ఊరి కథ.

రెండోది నక్షత్రం ఉబ్బడం. మన సూర్యుడికి ఆ దశ రావడానికి ఇంకా 500 కోట్ల ఏళ్ళుంది, వచ్చాక కూడా తాపీగా కోట్ల ఏళ్ళు జరుగుతుంది. అంత ముందుగా నోటీసు అందుకున్న నిర్వాసితుడు సృష్టిలో ఎవడూ ఉండడు.

తాళ్ళరేవు కుర్రాడు | శనివారం రాత్రి 11:14

మాస్టారు కూడా ఇంజను ఊసెత్తలేదు.

పాత లస్కరు | ఆదివారం ఉదయం 6:30

నమస్కారం బాబూ. నేను కాలువ లాకు దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు తలుపులూ షట్టర్లూ చూసే లస్కరుగా చేసి దిగినవాణ్ణి. మనవరాలు మీరు రాసినవి చదివి వినిపించింది. నేను చెప్పేది తనే టైపు చేస్తోంది, తప్పులుంటే తనవి.

నాకు నక్షత్రాలు తెలియవు, పటం తెలుసు. నీ పటంలో నీళ్ళు ఇరుసు దగ్గర పుడుతున్నాయి. ముందు చీకటివాళ్ళు వాడుకుంటారు, తర్వాత తేలికవాళ్ళు, తర్వాత ఉప్పునీటివాళ్ళు. మిగిలింది బండవాళ్ళకు. అంటే ఆ బండవాళ్ళు శివారు రైతులు. వాళ్ళ బతుకు ఎలా ఉంటుందో నేను చెప్పగలను, రాసుకో.

ఆకుమడి పోసుకునే రోజుల్లో పైన ఎవరో తూముకు గోనెసంచి అడ్డం పెడతాడు. ఎవరో రాత్రిపూట షట్టరు రెండు చుట్లు తిప్పి పోతాడు. ఎవడూ దొంగ కాదు, ఒక్కొక్కడూ జానెడు నీళ్ళే తీసుకున్నాడు. కానీ శివారుకు వచ్చేసరికి కాలువలో పిల్లలు క్రికెట్ ఆడుతుంటారు. మళ్ళీ వానలు పడ్డాక ఊళ్ళన్నిటి మురుగూ అదే శివారుకు దిగుతుంది. డ్రెయిను పూడి ఉంటుంది, సముద్రం పోటు మీద ఉంటుంది, చేను పది రోజులు మునుగుతుంది. కావలసినప్పుడు రాదు, వద్దన్నప్పుడు పోదు. నీ ఓడలో ఈ అన్యాయం నువ్వు కావాలని పెట్టలేదు, గీత గీయగానే దానంతట అదే వచ్చింది.

ఇంకొకటి. కాలువలు కట్టేసే కాలం ఎప్పుడు? మనకు దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక ఎండల్లో కట్టేస్తారు. అప్పుడే కాలువ అడుగు కంటికి కనబడేది. గుర్రపుడెక్క లాగుతారు, గండ్లు పూడుస్తారు, షట్టరు మరలకు గ్రీజు పెడతారు. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు ముక్కలు. ఎంత గట్టిగా కట్టినా నూట ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి 175 గేట్లతో కొత్త బ్యారేజీ కావలసి వచ్చింది. నీ ఓడ నాలుగు వందల ఏళ్ళు తిరగాలంటున్నారు మాస్టారు. నీళ్ళు ఆపి అడుగు చూసుకునే నెల లేకపోతే అది నిలవదు.

రొయ్యల చెరువు | ఆదివారం ఉదయం 8:05

నీళ్ళ సంగతి పెద్దాయన చెప్పారు. గాలి గురించి ఎవరూ అడగలేదు.

భీమవరం దగ్గర మాకు మూడున్నర ఎకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. నాలుగు గట్ల మధ్య మూసిన లోకం ఎలా ఉంటుందో నాకు రోజూ కనబడుతుంది. పగలు నీళ్ళలో పచ్చదనం ఎండ తాగి ప్రాణవాయువు వదులుతుంది. సాయంత్రం నాలుగింటికి మీటరు పెడితే మహారాజులం. చీకటి పడగానే ఆ పచ్చదనమే పీల్చడం మొదలుపెడుతుంది, రొయ్య పీలుస్తుంది, అడుగున తినకుండా మిగిలిన మేత కుళ్ళుతూ తనూ పీలుస్తుంది. తెల్లవారుజాము మూడు, నాలుగు మధ్య అన్నిటికంటే గడ్డు సమయం.

రెండేళ్ళ కిందట వరసగా మూడు రోజులు మబ్బు. మూడో రాత్రి కరెంటు పోయింది, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయి. జనరేటర్ బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అది నా తప్పే. టార్చి వేసి చూస్తే గట్టు పొడవునా నీటి అంచున ఎర్రటి చుక్కలు, దారానికి పూసలు గుచ్చినట్టు. రొయ్యల కళ్ళవి. అవి గట్టుకు వచ్చాయంటే అడుగున ఊపిరి లేదన్నమాట. బకెట్లతో నీళ్ళు తోడి పైనుంచి పోస్తూ తెల్లవార్చాం. ఏం లాభం? పొద్దున్న పట్టుబడికి వల వేయలేదు, గంపలతో ఎత్తాం.

మీ ఓడలో రెండు లక్షల ప్రాణాలు. దీపాలు ఆర్పే రాత్రి ఎంతసేపు? నాలుగు జాతులకూ ఒకేసారి రాత్రి అయితే మీరూ గంపలు సిద్ధం చేసుకోండి.

అమలాపురం మాస్టారు | ఆదివారం ఉదయం 9:20

చెరువు వారి మాటకు పెద్ద సాక్ష్యమే ఉంది. అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అని మూడెకరాల పైచిలుకు అద్దాల లోకం కట్టి, 1991 సెప్టెంబరులో ఎనిమిది మందిని లోపల పెట్టి రెండేళ్ళకు తలుపు మూశారు. గాలిలో 20.9 శాతం ఉండవలసిన ఆక్సిజన్ 16 నెలల్లో పద్నాలుగున్నర దగ్గరికి పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. బయటి నుంచి ఆక్సిజన్ పంపవలసి వచ్చింది. పంట బాగా రావాలని వేసిన బలమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేశాయి. అవి వదిలిన బొగ్గుపులుసు వాయువు చెట్లకు అంది తిరిగి ఆక్సిజన్ కావాలి కదా, అందులో కొంత సిమెంటు గోడలు పీల్చుకుని సున్నపురాయిగా మార్చేసుకున్నాయి. గోడలు కూడా జనాభా లెక్కలోకి వస్తాయని ఎవరూ అనుకోలేదు.

అన్నట్టు, 2022లో చైనావారు తమ అంతరిక్ష కేంద్రంలో వరిని విత్తు నుంచి విత్తు దాకా పండించారు. మన మారుటేరు స్వర్ణ ఓడలో పెడతావా?

లంకబడి | ఆదివారం ఉదయం 9:31

వాళ్ళు మన బియ్యం తినరు మాస్టారూ.

అమలాపురం మాస్టారు | ఆదివారం ఉదయం 9:33

తినకపోతే వాళ్ళ కర్మ.

తాళ్ళరేవు కుర్రాడు | ఆదివారం ఉదయం 10:02

ఒకరి గాలి ఇంకొకరికి పడదు కదా. చీకటివాళ్ళకు చల్లటి చిక్కటి గాలి, తేలికవాళ్ళకు పలచటిది. మరి నాలుగు జాతులూ కలుసుకునేది ఎలా? కలవకుండా నాలుగు వందల ఏళ్ళా?

పాత లస్కరు | ఆదివారం మధ్యాహ్నం 12:15

లాకు పెట్టండి.

మా లాకు ఎలా పనిచేసేదో చెబుతాను. దిగువ నుంచి ధాన్యం పడవ వస్తుంది. దిగువ తలుపులు తెరిచి లోపలికి తీసుకుంటాం, దాని వెనక మూసేస్తాం. పై తలుపు అడుగున చిన్న తూము ఉంటుంది, అది ఎత్తుతాం. నీళ్ళు సుళ్ళు తిరుగుతూ లోపలికి వస్తాయి. పడవవాడు గోడకు గెడ ఆనించి నిలబడతాడు, పడవ తనంతట తాను లేస్తుంది. కాసేపటి కిందట వాడి తలపాగా మాత్రమే కనబడింది, ఇప్పుడు మనిషి మొత్తం ఎదురుగా నిలబడి బీడీకి నిప్పు అడుగుతాడు. లోపలి మట్టం పై మట్టంతో సమానమయ్యే దాకా పై తలుపు కదలదు. తొందరపడి పది మంది తోసినా కదలదు, నీళ్ళే దాన్ని పట్టుకుని ఉంటాయి. కలిసిన తర్వాత ఒక్క మనిషి చాలు.

గాలికీ అలాగే పెట్టు. తలుపుకు కాపలా మనిషిని పెడితే వాడికి చుట్టాలుంటారు. మట్టాన్ని పెట్టు.

అమలాపురం మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 12:40

పెద్దాయనకు వందనం. అంతరిక్ష నౌకల్లో లోపలివైపు తెరుచుకునే తలుపులు పెట్టేది ఈ సూత్రం మీదే, లోపలి గాలి ఒత్తిడే తలుపును చట్రానికి అదిమి పెడుతుంది.

కాలువల గురించి ఒక చిన్న సంగతి. తిరిగే ఓడలో ఇరుసు నుంచి బయటికి దిగే నీరు నిటారుగా దిగదు, ఓడ తిరిగే దిశకు వెనక్కి ఒరుగుతుంది. కాబట్టి దిగే కాలువకు ఎప్పుడూ ఒకే గట్టు ఒరుసుకుంటుంది.

పాత లస్కరు | ఆదివారం మధ్యాహ్నం 12:52

ఏ గట్టు కోస్తుందో ముందే తెలుసా! అదృష్టవంతులు. మా లంకల్లో ఎన్నేళ్ళు చూసినా తెలియదు. (ఇది తాతయ్య గట్టిగా నవ్వుతూ అన్నారు. – మనవరాలు)

రాత్రి డ్యూటీ | ఆదివారం సాయంత్రం 5:18

నేను నర్సును. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలో నిలబడిన చెట్టు లేదు. ఊరంతా బడి భవనంలో చేరాం. మొదటి రోజు ఎవరి దగ్గర ఏముంటే అది ఒకే గుండిగలో వేసి వండారు. తడిసిన బియ్యం, రాలిన కొబ్బరికాయలు. అందరూ తిన్నారు. రెండో రోజు కూడా ఒకే పొయ్యి. మూడో రోజుకు లారీలో బియ్యం వచ్చాయి. ఆ సాయంత్రం పొయ్యిలు మూడయ్యాయి. ఎవరూ గొడవ పడలేదు, ఎవరూ ఏమీ అనలేదు, రాళ్ళు తెచ్చుకుని పేర్చుకున్నారు అంతే. నేను ఏ పొయ్యి దగ్గరికి వెళ్ళాలో మా అమ్మ కళ్ళతోనే చెప్పింది.

మీ కథల్లో ఓడ బయలుదేరే రోజు బాగా రాస్తారు. అందరూ ఏడుస్తారు, కౌగిలించుకుంటారు. మూడో రోజు ఎలా ఉంటుందో రాయండి.

లంకబడి | ఆదివారం సాయంత్రం 5:47

రాస్తాను. ఇప్పటిదాకా నా పటంలో ఒకే వంటశాల ఉంది. గన్నవరం డొక్కా సీతమ్మ గారిని తలుచుకుని, ఎవరు ఏ వేళ వచ్చినా అన్నం పెట్టే ఇల్లులా గీశాను. దాన్ని తీయను. కానీ అది ఒక్కటే ఉంటే సరిపోదని ఇప్పుడు అర్థమైంది.

చింతనీడ | ఆదివారం రాత్రి 8:26

మా ఊరి పేరు రాయను. గోదావరి ఎగువన కొండల మధ్య ఉండేది. ఇప్పుడు మైదానంలో ఒక కాలనీలో ఉంటున్నాం.

నక్షత్రం ముసలిదైందని కథ రాసినవారు అన్నారు. అది కుదరదని మాస్టారు అన్నారు. కుదిరే కారణం ఒకటి నేను చెప్పనా? నక్షత్రం బాగానే ఉంది. ఇంకెవరికో కావలసి వచ్చింది.

రెండో మాట, ఓడలో ఇళ్ళు ఎలా పంచుతారు? మాకు చీటీలు తీశారు. పక్షపాతం ఉండకూడదని. నిజంగానే పక్షపాతం లేదు. పాత ఊళ్ళో మా పక్కింటి అక్కది ఇప్పుడు ఏడో వీధి. మా ఇంటికి అటూ ఇటూ వేరే ఊళ్ళవాళ్ళు, వాళ్ళకూ మేమెవరో తెలియదు. అన్ని ఇళ్ళకూ ఒకే రంగు. కొత్తలో చీకటి పడ్డాక మా అమ్మ మూడుసార్లు వేరేవాళ్ళ తలుపు తట్టింది. ఇప్పుడు గుమ్మం పక్కన బొగ్గుతో గీత గీసుకుంది.

అమలాపురం మాస్టారు | ఆదివారం రాత్రి 9:03

తల్లీ, ఆ వేళాకోళం మాట అన్నది నేనే, నోటీసు గురించి. క్షమించు.

నువ్వు చెప్పిన కారణానికి శాస్త్రంలో చోటుంది. 1960లో ఫ్రీమన్ డైసన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. బాగా ఎదిగిన నాగరికత ఏదైనా తన నక్షత్రం వెలుగును వృథా పోనివ్వదు, చుట్టూ లెక్కలేనన్ని పలకలు పరిచి మొత్తం పట్టుకుంటుంది అని. బయటి నుంచి చూసేవారికి ఆ నక్షత్రం వెలుగు మసకబారి వేడి మాత్రం కనబడుతుంది, అలాంటివి వెతకమన్నాడు. ఆ పలకల వెనక ఉన్న గ్రహాల మీద ఎవరైనా ఉంటే వాళ్ళేమవుతారో ఆ లెక్కల్లో లేదు.

లంకబడి | ఆదివారం రాత్రి 9:30

మొదటి అధ్యాయం చింపేశాను. ఇప్పుడు కథ ఇలా ఉంది. దూరం నుంచి వచ్చిన పెద్దలు నక్షత్రం చుట్టూ పలకలు పరుస్తున్నారు. నాలుగు లోకాలకు వెలుగు అందదు. వాటిని ముంపు లోకాలు అంటారు. ఓడ దానం కాదు, పరిహారం. దాని గోడల మీద పెద్దల గుర్తు ఉంటుంది, తాళాలు కూడా వాళ్ళ దగ్గరే.

రొయ్యల చెరువు | ఆదివారం రాత్రి 9:48

చింతనీడ గారూ, ఏమీ అనుకోకండి. ఎక్కడో ఒకచోట నీళ్ళు ఆగకపోతే దిగువన మా బతుకులు లేవు. ఎవరో ఒకరు కదలక తప్పదు. ఇల్లు ఇచ్చారు, డబ్బు ఇచ్చారు. కథలో పెద్దలను మరీ రాక్షసులుగా చూపించడం నాకు నచ్చలేదు.

చింతనీడ | ఆదివారం రాత్రి 10:15

రాక్షసులని నేను అనలేదండి. మా కాలనీకి వచ్చిన ఆఫీసరు మంచివారే, మా నాన్నకు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మీ చెరువుకు నీళ్ళు వద్దని కూడా అనను. ఆ రాత్రి రొయ్యలు గట్టుకు వచ్చాయని రాశారు కదా, అవి అక్కడికి ఎందుకు వచ్చాయో మీకు ఒక్క చూపులో తెలిసింది. మేము ఆఫీసు మెట్ల మీద నిలబడితే ఎందుకు వచ్చారని అడిగారు. నేను చెప్పేది అంతే.

నిర్వాహకుడు | ఆదివారం రాత్రి 10:20

ప్రాజెక్టుల మీద వాదన ఇక్కడ వద్దు, వేరే చర్చ మొదలుపెట్టుకోండి. ఇక్కడ ఓడ.

రొయ్యల చెరువు | ఆదివారం రాత్రి 10:41

వాదన కాదండీ. ఆమె అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

తాళ్ళరేవు కుర్రాడు | సోమవారం ఉదయం 7:12

రాత్రి మా తాతను అడిగాను. ఆయన తండ్రి కోరంగి రేవు నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్ళి, 1942లో జపాన్ దాడి సమయంలో నడిచి వెనక్కి వచ్చారట. బర్మాలో తెలుగువాళ్ళు ఏ ఊరి వాళ్ళయినా అందరినీ కోరంగీలు అనేవారట. ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. మా ముత్తాతది తాళ్ళరేవు, కోరంగి పక్కనే, ఆయనకు ఇబ్బంది లేదు. శ్రీకాకుళం వాళ్ళను కూడా అలాగే పిలిచేవారట.

అన్నయ్యా, పెద్దలు ఈ నాలుగు జాతులనూ ఒకే పేరుతో పిలుస్తారు చూడండి. అది ఓడ నంబరు అయి ఉంటుంది. ఇంజను గురించి ఇక అడగను.

పాత లస్కరు | సోమవారం ఉదయం 8:40

రాత్రంతా ఆలోచించాను. శివారు సంగతి.

గోదావరిలో శివారు రైతు చేతిలో ఏమీ ఉండదు. నీళ్ళు అతన్ని దాటి సముద్రంలో కలుస్తాయి. సముద్రం నుంచి మళ్ళీ కొండల మీదికి మోసేది సూర్యుడు. సూర్యుడికి అర్జీ పెట్టుకోలేం కదా. మీ ఓడలో సూర్యుడు లేడు. అడుగున చేరిన నీళ్ళు ఇరుసు దగ్గరికి ఎవరు ఎక్కిస్తారు? పంపులు. పంపులు ఎక్కడుంటాయి? నీళ్ళు చేరే చోట, అంటే బండవాళ్ళ గుమ్మంలో.

అయితే ఆ పంపుల తాళం బండవాళ్ళకే ఇవ్వు. పెద్దలకు కాదు, పైవాళ్ళకు కాదు. శివారుకు చుక్క రాలేదంటే మర్నాడు తొట్టిలోకీ చుక్క ఎక్కదు. అప్పుడు పైన తూముకు గోనెసంచి పెట్టేవాడు ఒకసారి కిందికి తొంగి చూస్తాడు.

అమలాపురం మాస్టారు | సోమవారం ఉదయం 9:15

అద్భుతం. అడుగు నుంచి ఇరుసు దాకా ఒక లీటరు ఎక్కించడమంటే భూమి మీద ఒక కిలోమీటరు ఎత్తుకు తోడినంత పని. చిన్న పని కాదు. కానీ దిగే నీటికి టర్బైన్లు పెడితే ఆ కష్టంలో కొంత భాగం వెనక్కి వస్తుంది. ఆ టర్బైన్లు పై అంతస్తుల్లో ఉంటాయి. అంటే పంపులకు కరెంటు పైవాళ్ళు ఇవ్వాలి, పైవాళ్ళకు నీళ్ళు కిందివాళ్ళు ఇవ్వాలి. ఒకరి జుట్టు ఒకరి చేతిలో!

రాత్రి డ్యూటీ | సోమవారం ఉదయం 9:40

జుట్లు పట్టుకుని నాలుగు వందల ఏళ్ళా మాస్టారూ? రెండు వైపులా ఆస్పత్రికి మాత్రం విడిగా ఒక తొట్టి పెట్టండి. ఎవరు ఎవరి మీద అలిగినా మాకు నీళ్ళు ఆగకూడదు.

లంకబడి | సోమవారం రాత్రి 10:05

కొత్త పటం పెట్టాను. పంపుల గది అడుగు అంతస్తులో, తాళం బండవాళ్ళ దగ్గర. ఆస్పత్రి తొట్టి విడిగా. రాత్రి ఒక్కో అంతస్తుకు ఒక్కో వేళ. ఏడాదిలో ఒక నెల కాలువలు కడతారు, ఆ నెలలో నాలుగు జాతులూ కాలువ అడుగులోకి దిగి పూడిక తీయాలి. వంటశాల ఒకటి, దాని చుట్టూ ఎవరి పొయ్యి వాళ్ళు పెట్టుకునే ఖాళీ జాగా. చీటీలు లేవు, ఒక వీధి వాళ్ళు ఒక వీధిలోనే.

చింతనీడ గారూ, ఇంకేమైనా మరిచిపోయానా?

చింతనీడ | సోమవారం రాత్రి 10:50

సామాను ఎంత తెచ్చుకోనిస్తారు? మా నాన్న పాత ఇంటి తలుపు బందులతో సహా ఊడదీసి ట్రాక్టరులో వేసుకొచ్చారు. మద్దికర్ర తలుపు. ఇక్కడ ఇనుప చట్రం, ఇనుప తలుపు ముందే బిగించి ఉన్నాయి. మాది పట్టలేదు. ఇటుకల మీద పడుకోబెట్టాం. వేసవిలో దాని మీద చింతపండు ఎండబెడతాం.

అమలాపురం మాస్టారు | సోమవారం రాత్రి 11:02

ప్రతి కిలోకూ లెక్క ఉంటుంది నాయనా. రెండు లక్షల మందికి తలుపులంటే వేల టన్నులు.

లంకబడి | సోమవారం రాత్రి 11:20

కిరణాలు ఆపడానికి ఎలాగూ మట్టి మోస్తున్నాం మాస్టారూ. మట్టిలో అంత తగ్గిస్తాను. లాకు తలుపులు ఓడవి. ఇళ్ళ గుమ్మాలు ఖాళీగా వదిలేస్తున్నాను, చట్రం కూడా బిగించడం లేదు.

చింతనీడ గారూ, ఆ తలుపు కొలత చెప్పగలరా? ఒక ఇల్లు దానికి సరిపడా గీస్తాను.

చింతనీడ | మంగళవారం ఉదయం 6:10

ఇప్పుడే టేపుతో కొలిచాను. వెడల్పు రెండు అడుగుల పది అంగుళాలు. ఎత్తు ఐదడుగుల రెండు అంగుళాలు. ఎత్తు పెంచకండి. నాన్న వంగి వచ్చేవారు, అందరూ వంగే వచ్చేవారు.